పదకొండు దినముల దారి

ధ్యాన వాక్యములు: ద్వితీయోపదేశకాండము 1:2, నెహెమ్యా 2:1-6, మత్తయి 5:23-24



ఉన్న ఊరు విడిచి, పొట్ట చేతపట్టుకొని వచ్చిన మనకు ఈ మరాఠీ నేలమీద తెలుగులో ప్రార్థించుకొనే చోటిచ్చిన దేవునికి స్తోత్రము. ఈ నెల మీతో దూరమును గురించి, ప్రయాణకాలమును గురించి నాలుగు మాటలు పంచుకోవలెనని ఆశిస్తున్నాము. ఇది పుస్తకములు ముందర పెట్టుకొని సిద్ధపరచిన ప్రసంగము కాదు. కొంత పిల్లల మధ్య, కొంత ఒక మరణపు ఇంటిలో నేర్చుకొన్న పాఠము.

గ్లోబు మీద దారము

మా సంఘములో ఆదివారపు బడి పిల్లలకు పాఠము చెప్పే పని ఇంకను మా మీదనే ఉన్నది. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడు ఉద్యోగము నుండి దిగిపోయినా సుద్దముక్కను విడిచిపెట్టలేడు గదా. గడచిన సంవత్సరము వర్షాకాలము చివర ఒక ఆదివారము పౌలు ప్రయాణములను గురించి చెప్పుచుండగా పదేళ్ళ పాప ఒకతె లేచి, “సారూ, హైదరాబాదు నుండి షికాగో ఎంత దూరము? మా మామ అక్కడే ఉంటాడు” అని అడిగింది. ఆ ఊరి పేరు వినగానే మా గుండె ఒక్కసారి కలుక్కుమన్నది. ఎందుకో ముందుకు చెప్తాము. మొదట ఆ పాపకు జవాబు చెప్పవలెను గదా.

గోడ మీది పటములో చూపమంటే పిల్లలందరు పడమటి వైపు గీత గీసారు. అరేబియా మీదుగా, ఐరోపా మీదుగా, అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికా. అప్పుడు గ్లోబు తెచ్చి, ఒక దారము ఇచ్చి, హైదరాబాదు మీద ఒక కొన, షికాగో మీద ఒక కొన పెట్టి బిగించి లాగమన్నాము. దారము పడమటికి పోలేదు. ఇంచుమించు తిన్నగా ఉత్తరమునకు పోయి, ధ్రువమునకు చేరువగా మంచు సముద్రము మీదుగా దాటి, అవతల కెనడా మీదుగా దిగింది. పిల్లలు ఆశ్చర్యపోయారు. బల్లపరుపు పటము మీద దగ్గరగా కనబడే దారి గుండ్రని భూమి మీద దగ్గర దారి కాదు.

దారమును కొలిచాము. గ్లోబు చుట్టుకొలతలో అది మూడవ వంతు ఉన్నది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కనుక హైదరాబాదు విమానాశ్రయము నుండి షికాగో విమానాశ్రయమునకు ఆకాశ దూరము సుమారు 13,300 కిలోమీటర్లు. పెద్ద విమానము గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పోతుందనుకొంటే పదిహేను గంటలకు కొంచెము తక్కువ పట్టవలెను. బోర్డు మీద భాగహారము చేసి చూపించాము. వెనుక వరుసలోని పిల్లవాడు ఒకడు ఒప్పుకోలేదు. “మా అన్న వచ్చినప్పుడు ఒక పగలు, ఒక రాత్రి పట్టింది సారూ” అన్నాడు.

లెక్క తప్పు కాదు, పిల్లవాడును తప్పు కాదు. దూరము వేరు, ప్రయాణకాలము వేరు. 2021 జనవరిలో ఆ రెండు ఊళ్ళ మధ్య ఎక్కడా ఆగని విమానము మొదలైంది గాని అది నిలువలేదు. కనుక మన పిల్లలు దోహాలోనో దుబాయిలోనో దిగి, గంటల కొద్దీ కూర్చొని, మరొక విమానము ఎక్కుతారు. విమానాశ్రయము చేరుటకు పట్టే కాలము వేరు. మా చంద్రపూర్ దగ్గర మోర్వాలో ఒక చిన్న రన్‌వే ఉన్నది గాని ప్రయాణికుల విమానములు లేవు. నాగపూర్ పోవలెనంటే నూటయాభై కిలోమీటర్లు, హైదరాబాదు పోవలెనంటే ఒక రాత్రి రైలు.

గాలి సంగతి ఒకటి. ఉత్తరార్ధగోళములో చాల ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. అందుచేత అమెరికా నుండి ఐరోపాకు వచ్చుటకంటె తిరిగి పోవుటకు ఎక్కువ సమయము పడుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను గాలి వీపున తోస్తుండగా న్యూయార్కు నుండి లండనుకు ఒక విమానము అయిదు గంటలలోపే చేరింది. మామూలుగా ఆరు గంటలు దాటుతుంది. ఇది పౌలుగారికి తెలిసిన సంగతే. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో గాలి ఎదురై ఓడ చాల దినములు మెల్లగా నడిచింది. 28వ అధ్యాయములో దక్షిణపు గాలి విసరగానే రెండవ దినమున పొతియొలీ చేరింది. సముద్రము అదే, గాలి మారింది.

గాలి కంటె పెద్ద అడ్డు మరొకటి ఉన్నది. 2022లో ఉక్రెయిన్ మీద యుద్ధము మొదలైన తరువాత రష్యా ఆకాశము అమెరికా విమాన సంస్థలకు మూతబడింది. 2025 ఏప్రిల్‌లో మన దేశమును పాకిస్తానును ఒకరి విమానములకు మరొకరు ఆకాశమును మూసుకొన్నారు. అప్పుడు ఢిల్లీ నుండి పడమటికి పోయే మన విమానములు చుట్టు తిరిగి, ఎక్కువ ఇంధనము మోసికొని, ఎక్కువ సేపు ఎగురవలసి వచ్చింది. ఊళ్ళు కదిలిపోయినవా? లేదు. భూమి సాగినదా? లేదు. దూరము అంగుళమైనా పెరుగలేదు. పగ పెరిగింది. పగ పెరిగిన కొలది దారి పొడవైంది.

పిల్లలకు ఈ మాట చెప్పుచుండగా మా నోరు ఎండిపోయింది. పాఠము పిల్లలకు కాదు, మాకే అని తెలిసింది.

నెలలు పట్టిన ప్రయాణములు

దూరము అడ్డు అని మనము తరచుగా అంటాము. మన బాప్తిస్టు పితరుల చరిత్ర చూచితే ఆ సాకు నిలువదు. శామ్యూల్ డే దొరగారు 1835 సెప్టెంబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు. ఆఫ్రికా ఖండమును చుట్టి 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. నాలుగు నెలలకు పైగా సముద్రము మీదనే. అక్కడి నుండి విశాఖపట్నము, తరువాత 1840లో నెల్లూరు. నేడు బోస్టన్‌కు చెన్నైకి ఆకాశ దూరము సుమారు 13,200 కిలోమీటర్లు. ఆ పాప అడిగిన షికాగో దూరమునకు ఇంచుమించు సమానము. అదే దూరము ఒకరికి నాలుగు నెలలు, మరొకరికి ఒక దినము.

మరొక సంగతి. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ ఒప్పంద కూలీలతో బయలుదేరి, నవంబరు 16న దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ చేరింది. నెలకు పైగా ప్రయాణము. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఆ విధముగా నేటాలు దేశపు చెరకు తోటలకు, టీ తోటలకు, గనులకు, రైలు పనులకు పోయారు. వారిలో మన తెలుగువారు చాలమంది. వారి మధ్య సువార్త పని చేయుటకు తెలుగు బాప్తిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్యగారిని పంపాయి. తెల్లదొరలు మన యొద్దకు వచ్చిన కథ మనకు తెలుసు. మనవాడు మనవారిని వెదకుచు సముద్రము దాటిన కథ ఇది. ఆయన డర్బన్‌కు ఉత్తరాన ఉన్న కియర్స్నీ టీ తోటలో ఆ సంవత్సరము చివరనే సంఘము స్థాపించారు. 1915లో ప్రభువునందు నిద్రించువరకు ఆ ప్రజల మధ్య సేవ చేసారు.

నాగపూర్ నుండి డర్బన్‌కు ఆకాశ దూరము నేటికిని సుమారు 7,600 కిలోమీటర్లు. రంగయ్యగారి నాటికి అది తక్కువ కాదు. విమానము లేదు, ఫోను లేదు, ఇంటికి వ్రాసిన ఉత్తరమునకు జవాబు రావలెనంటే నెలలు. అయినను వెళ్ళారు. వెళ్ళవలెనని మనసు ఉన్నవానికి దూరము ఒక లెక్క మాత్రమే, ప్రియులారా.

మన మాట తీసుకొందాము. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గము పూర్తయిన తరువాతనే దక్షిణపు తెలుగు దేశమునకును ఈ చాందా ప్రాంతమునకును దారి సుళువైంది. ఆ మార్గము వెంబడి మన పెద్దలు బొగ్గు గనులకు, బల్లార్పూర్ పేపరు మిల్లుకు, తరువాత థర్మల్ విద్యుత్ కేంద్రపు పనులకు వచ్చారు. ఒక ట్రంకు పెట్టె, ఒక చాప, ఒక బైబిలు. నేడు వారి మనుమలు విమానములు ఎక్కుతున్నారు. దారులు ఇంత సుళువైనప్పుడు మనము ఒకరికొకరము ఎంత దగ్గర కావలసినది! అయ్యామా?

పదకొండు దినములు, నలుబది సంవత్సరములు

ద్వితీయోపదేశకాండము మొదటి అధ్యాయములో రెండవ వచనము చాల చిన్నది. చదువుకొంటు పోయేటప్పుడు మనము ఆగని వచనము. హోరేబు నుండి శేయీరు మన్నెపు దారిలో కాదేషు బర్నేయకు ఎన్ని దినముల ప్రయాణమో అక్కడ వ్రాయబడింది. పదకొండు దినములు. అంతే. మోషే దాని మీద వ్యాఖ్యానము ఏమియు చేయలేదు. అయితే తరువాతి వచనము చూడండి. అది నలుబదియవ సంవత్సరము అని ఉన్నది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి మోషే ఊరకున్నాడు. వినేవారికి అర్థమైనది. పదకొండు దినములలో చేరగల సరిహద్దు అవతలి దేశమునకు నలుబది సంవత్సరములు.

ఎడారి పెద్దదైనందున కాదు. పిల్లలు, పశువులు ఉన్నందున కాదు. వారు కాదేషుకు వచ్చినారు. దేశము కనుచూపు దూరములో ఉన్నది. వేగులవారు పండ్లు తెచ్చి చూపించారు. అప్పుడు వారు సణుగుకొన్నారు, భయపడ్డారు, దేవుని మాట నమ్మలేదు. అక్కడి నుండి జెరెదు వాగు దాటువరకు ముప్పది ఎనిమిది సంవత్సరములు పట్టిందని అదే గ్రంథము 2:14లో వ్రాయబడింది. ఒక తరము ఆ దారిలోనే రాలిపోయింది. కాళ్ళు నడిచినవి గాని హృదయము కదలలేదు.

సహోదరులారా, ఇక మా సంగతి చెప్పుతాము. సంఘపెద్ద తన తప్పు పత్రికలో వ్రాయవచ్చునా అని కొందరు అడిగారు. ఇతరుల తప్పులను గురించి ముప్పది సంవత్సరములు ప్రసంగించినవారము, ఒక్కసారి మా తప్పును గురించి వ్రాయుట న్యాయమే.

నూరు మైళ్ళ లోపు

మా అన్నగారు బెల్లంపల్లిలో ఉండేవారు. సింగరేణి గనులలో పని చేసి దిగినవారు. బల్లార్షాలో బండి ఎక్కి, వార్ధా వంతెన దాటి, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటితే బెల్లంపల్లి. మా ఇంటి నుండి నూరు మైళ్ళు కూడ లేదు. రెండున్నర గంటల ప్రయాణము.

మా నాన్నగారు విడిచిపోయిన నాలుగు గుంటల ఇంటి స్థలము విషయములో అన్నదమ్ములకు మాట పడింది. ఆయన గోడ కట్టారు, మేము కొలత తప్పు అన్నాము. బంధువుల పెండ్లిలో పదిమంది ఎదుట, ఇక నీ గడప తొక్కను అనే మాట మా నోటి నుండి వచ్చింది. ఆ మాట మీద పదకొండు సంవత్సరములు గడిచాయి. హైదరాబాదుకు పోయేటప్పుడు బండి బెల్లంపల్లిలో ఆగేది. మేము అవతలి కిటికీ వైపు ముఖము తిప్పుకొని కూర్చొనేవారము. ఒక వేసవిలో ఆయన ఎవరి చేతనో ఒక గంప మామిడిపండ్లు పంపారు. మేము వాటిని ఇరుగుపొరుగు వారికి పంచి, తిన్నామని గాని అందినవని గాని కబురు పంపలేదు. ఆ పదకొండు సంవత్సరములలో ఎన్నిసార్లు ప్రభువు బల్లయొద్ద నిలిచామో లెక్క లేదు. క్షమాపణను గురించి ఎన్ని ప్రసంగములు చేసామో దానికి అసలే లెక్క లేదు.

గడచిన సంవత్సరము వర్షాకాలములో ఒక గురువారము తెల్లవారుజాము అయిదు గంటలకు ఫోను వచ్చింది. అక్కడి సంఘపు పాస్టరుగారు చేసారు. అన్నగారి పరిస్థితి బాగులేదు, వెంటనే రమ్మన్నారు. మా ఇంటావిడ అప్పుడే సంచి సర్దింది. “ఇప్పుడే పోదాము, పొద్దుటి బండి ఉన్నది” అన్నది. మేమేమన్నామో వ్రాయుటకు సిగ్గుగా ఉన్నది. ఫోను చేసింది పాస్టరుగారు గదా, ఇంటివారు పిలువలేదు గదా అన్నాము. మధ్యాహ్నము వరకు చూద్దామన్నాము. మధ్యాహ్నము బ్యాంకులో పని ఉన్నదన్నాము. సాయంత్రము వాన పడుచున్నదన్నాము. రేపు ఉదయము తప్పక పోదామన్నాము.

అదే గురువారము తెల్లవారుజామున వదినగారు షికాగోలో ఉన్న కుమారునికి ఫోను చేసారు. అక్కడ అప్పటికి ఇంకా బుధవారము సాయంత్రము ఆరున్నర. అతడు చేతి సంచితో విమానాశ్రయమునకు పరుగెత్తాడు. ఆ రాత్రికే విమానము ఎక్కాడు. మధ్యలో దిగి మరొకటి ఎక్కాడు. శుక్రవారము తెల్లవారక ముందే హైదరాబాదులో దిగి, అక్కడి నుండి కారులో పోయి పదకొండు గంటలకు బెల్లంపల్లి చేరాడు. ఫోను వచ్చిన వేళ నుండి ముప్పది గంటలు.

మేము శుక్రవారము ఉదయము బండి ఎక్కి ఒంటిగంటకు చేరాము. ఫోను వచ్చిన వేళ నుండి ముప్పది రెండు గంటలు. భూమి చుట్టులో మూడవ వంతు దాటివచ్చిన పిల్లవాడు మాకంటె ముందు వచ్చి, తండ్రి పెట్టె పక్కన కూర్చొని ఉన్నాడు. అన్నగారు గురువారము రాత్రి పది గంటలకే ప్రభువు నొద్దకు వెళ్ళిపోయారు. పిల్లవాడు ఎంత పరుగెత్తినా అందుకోలేడు. మేము అందుకొనగలిగి ఉంటిమి. ఆ పొద్దుటి బండి ఎక్కి ఉంటే ఒక పగలంతా ఆయన మంచము పక్కన కూర్చొని ఉంటిమి.

పిల్లవాడు లేచి మా కాళ్ళకు వంగాడు. “చిన్నాయనా, మీరు ఎప్పుడు బయలెల్లిండ్రు?” అని అడిగాడు. అందులో నిష్ఠూరము లేదు. దారి బడలికను గురించి అడిగే మర్యాద మాట. దానికి మా దగ్గర జవాబు లేదు. నిన్న అనవలెనా? ఈ ఉదయము అనవలెనా? పదకొండు సంవత్సరముల క్రిందటనే బయలుదేరవలసినవారము అనవలెనా?

సమాధి కార్యక్రమము అయిన తరువాత వదినగారు మా ఇంటావిడతో ఒక మాట అన్నారు. “నిన్న పొద్దంత అడుగుతనే ఉన్నడు. చాందా బండి వచ్చిందా, చాందా బండి వచ్చిందా అని. రాత్రి మాట పడిపోయేదాక అదే మాట.”

చాందా బండి సమయానికే వచ్చింది, ప్రియులారా. మేము అందులో లేము.

గలిలయ నుండి బలిపీఠమునకు

మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మాట మీకు తెలుసు. బలిపీఠము నొద్ద అర్పణము పెట్టుచుండగా నీ సహోదరునికి నీమీద ఏదో విరోధము ఉన్నదని జ్ఞాపకము వస్తే, అర్పణమును అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడి, తరువాత వచ్చి అర్పించమన్నాడు. మేము దీనిని చాలసార్లు బోధించాము. అయితే ఉపాధ్యాయునివలె పటము ముందర పెట్టుకొని ఎన్నడు చదువలేదు.

ఆ మాట ప్రభువు ఎక్కడ చెప్పాడు? గలిలయ కొండ మీద. వింటున్నది గలిలయ పల్లెల జనము. బలిపీఠము ఎక్కడ ఉన్నది? యెరూషలేములో. మధ్య దూరము సుమారు 120 కిలోమీటర్లు. ఇంచుమించు మా చంద్రపూర్‌కు బెల్లంపల్లికి ఉన్నంత దూరమే. రైలు లేదు. కాలినడకన మూడు నాలుగు దినములు. గలిలయ రైతు ఒకడు మేకపిల్లను తోలుకొని, ఎండలో నడిచి, దేవాలయము చేరి, వరుసలో నిలిచి, చివరకు బలిపీఠము ముందరికి వచ్చిన తరువాత ఇంటి దగ్గరి అన్న జ్ఞాపకము వచ్చాడనుకోండి. ప్రభువు ఏమంటున్నాడు? మేకపిల్లను అక్కడ విడిచిపెట్టి ఇంటికి పో అంటున్నాడు. మరల మూడు నాలుగు దినములు వెనుకకు. సమాధానపడి మరల మూడు నాలుగు దినములు ముందుకు.

వినేవారికి ఇది ఎంత ఖర్చుతో కూడిన మాటగా తోచియుండును! ప్రభువుకు ఆ దూరము తెలియక కాదు. ఆయన తానే ఆ దారిని పలుమార్లు నడిచినవాడు. దూరము తెలిసియే పొమ్మన్నాడు. అర్పణము కాచుకొని ఉంటుంది. మనుష్యుడు కాచుకొని ఉండడు. మాకు ఈ వచనములో ‘మొదట’ అనే మాట యొక్క బరువు ఆ శుక్రవారము తెలిసింది.

ఎప్పుడు పోయెదము?

ఇక నెహెమ్యా గ్రంథము రెండవ అధ్యాయము చూడండి. షూషను కోటలో రాజు ముందర నెహెమ్యా నిలిచి యెరూషలేమునకు పంపమని మనవి చేసినప్పుడు రాజు రెండు ప్రశ్నలు అడిగాడు. ప్రయాణము ఎంతకాలము పడుతుంది? ఎప్పుడు తిరిగి వస్తావు? నెహెమ్యా ఎప్పుడైనా పోదాము లెండి అనలేదు. రాజుకు ఒక గడువు చెప్పాడు. నాలుగు నెలలు కన్నీటితో ప్రార్థన చేసిన మనుష్యుడే తేదీ చెప్పగలిగాడు. ప్రార్థన ఒక చేతిలో, తేదీ ఒక చేతిలో. మాకు ప్రార్థన ఉన్నది, తేదీ లేదు. అన్నగారి కొరకు కూడ ప్రార్థన చేసేవారమే! ప్రభువా, ఆయన మనస్సు మార్చుము అని.

మన సంఘములలో ఇటువంటి దారులు ఎన్ని ఉన్నవో ఎవరి మట్టుకు వారు లెక్కించుకోండి. ఒకే మందిరములో ఒక కుటుంబము ఎడమ వైపు, ఒక కుటుంబము కుడి వైపు కూర్చుంటుంది. మధ్య దూరము పది అడుగులు. ఎన్ని సంవత్సరములుగా ఆ పది అడుగులు ఎవరూ దాటలేదు? ఊరిలో ఉన్న చెల్లెలితో పొలము కాగితము మీద మాటలు లేవు. కులాంతరముగా పెండ్లి చేసుకొన్న కుమారుని ఫోటో గోడ మీద నుండి తీసివేయబడింది. సంఘపు ఎన్నికలలో ఓటు వేయలేదని ఒక పెద్ద మరొక పెద్దకు వందనము చెప్పడు. వీరందరు విదేశములలో ఉన్న మనుమలతో ప్రతి రాత్రి ఫోనులో ముఖము చూచి మాట్లాడతారు. పదమూడు వేల కిలోమీటర్లు మనకు దగ్గరైనవి. పది అడుగులు దూరమైనవి.

మీరు అంటారు, తప్పు వారిది అని. కావచ్చును. మా గోడ విషయములో తప్పు ఎవరిదో మేమిప్పటికిని చెప్పలేము. ఆ నెలలోనే వదినగారి పేరిట స్థలము వ్రాసియిచ్చే కాగితము మీద సంతకము చేసాము. దానికి పట్టింది ఒక్క నిమిషము. పదకొండు సంవత్సరములు మోసిన మూట, ఒక నిమిషము బరువు. అయితే సంతకము చూచి సంతోషించవలసిన మనుష్యుడు లేడు. వదినగారు కాగితము తీసికొని మడిచి బైబిలులో పెట్టుకొన్నారు. ఏమియు అనలేదు. మమ్మును క్షమించారని మేము నమ్ముతున్నాము. దేవుడు క్షమించాడని మాకు నిశ్చయము. యేసు రక్తము ప్రతి పాపము నుండి మనలను కడుగును. గాని ఆ గురువారము మాత్రము మాకు తిరిగి రాదు. క్షమాపణ పొందినవాడు కూడ కొన్ని నష్టములను భరించుచునే ఉండవలెను.

కనుక ముసలితనమున ఒక మాట మిమ్మును వేడుకొంటున్నాము. వచ్చే నెల మొదటి ఆదివారము ప్రభువు బల్ల ఉన్నది. దానికి ముందు మీ మనస్సులో ఎవరి పేరు ఉన్నదో ఆ పేరు ఒక కాగితము మీద వ్రాయండి. దాని పక్కన దూరము వ్రాయండి. పది అడుగులో, రెండు వీధులో, రెండున్నర గంటలో, పదమూడు వేల కిలోమీటర్లో. దాని పక్కన ఒక తేదీ వ్రాయండి. ఆ తేదీన పొండి. పోలేని దూరమైతే ఫోను చేయండి. పిలుపు వారి నుండి రావలెనని కూర్చోవద్దు. గోడ లెక్క, పొలము లెక్క మొదటి దినము ఎత్తవద్దు. క్షేమము అడిగి, వారు పెట్టినది తిని, ప్రార్థన చేసి రండి. తక్కినది దేవుడు చూచుకొంటాడు.

లూకా 15వ అధ్యాయములో కుమారుడు దూరదేశమునకు పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు అతడు ఆ దారి పొడవునా నడిచాడు గాని చివరి కొంత దూరము నడువనక్కరలేకపోయింది. తండ్రి దూరము నుండి చూచి పరుగెత్తుకొని ఎదురు వచ్చాడు. ముసలివాడు పరుగెత్తుట ఆ దేశములో మర్యాద కాదు. అయినను పరుగెత్తాడు. మన దేవుడు అటువంటివాడు. దూరస్థులమైన మనము క్రీస్తు రక్తము వలన సమీపస్థులమైతిమని పౌలుగారు ఎఫెసీయులకు వ్రాసారు. పరలోకమునకు భూమికి ఎంత దూరమో ఏ గ్లోబు మీదను కొలవలేము. ఆ దూరమును ఆయన మన కొరకు దాటి వచ్చాడు. మనము పిలువక ముందే వచ్చాడు. నూరు మైళ్ళు పోలేనివాని కొరకు కూడ వచ్చాడు.

ఆ ఆదివారము పాఠము ముగిసిన తరువాత ఆ పాప దారమును వేలికి చుట్టుకొని ఇంటికి తీసికొనిపోయింది. మామకు ఫోనులో చూపిస్తానన్నది. మేము పిల్లలందరికి ఇంటి పని ఒకటి ఇచ్చాము. మీ ఇంటి పెద్దలను, మనము ఎవరి ఇంటికి పోక చాలకాలమైంది అని అడిగి వ్రాసుకొని రండి అన్నాము. తరువాతి వారము ముగ్గురు పిల్లలు వ్రాసుకొని వచ్చారు. తక్కినవారి పెద్దలు, అది సారుకు ఎందుకు అన్నారట. ఆ పెద్దలలో కొందరు ఈ పత్రిక చదువుచున్నారని మాకు తెలుసు. వారికి ప్రేమతో మరల ఒకసారి ఆ ప్రశ్ననే అడుగుతున్నాము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, దారులు సుళువు చేసినందుకు నీకు స్తోత్రము. మా హృదయములలో మూతబడిన దారులను తెరువుము. మా కొరకు కాచుకొని ఉన్నవారు ఇంకను కాచుకొని ఉండగానే మమ్మును లేపి పంపుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమెన్.